ఇంగ్లీషు దరఖాస్తు ఉత్తరానికి చిలుము వదిలించడం ఎలా?

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక సందులో నాకు డీటీపీ, జిరాక్స్ షాపు ఉంది. ఏదైనా కంపెనీ ఉద్యోగాలు పడ్డాయని తెలిసిందంటే ఆ వారమంతా కుర్చీలు ఖాళీ ఉండవు. వచ్చినవాళ్లలో సగం మంది ఒకటే మాట అంటారు: "అన్నా, లెటర్ రాసుకొచ్చిన. కొంచెం మంచి ఇంగ్లీషు చేసి పెట్టు."

మంచి ఇంగ్లీషు అంటే వాళ్ల దృష్టిలో పెద్ద పెద్ద మాటలు. నాకైతే ఇది ఇత్తడి చెంబు తోమడం లాంటి పని. చింతపండు పెట్టి రుద్దితే చెంబుకు కొత్తగా ఏదీ వచ్చి అంటుకోదు. పట్టిన చిలుము పోతుంది, అంతే. ఉత్తరానికి మెరుగు పెట్టడమూ ముప్పాతిక వంతు తీసేసే పనే. ఏది తీయాలి, తీసిన చోట ఏది పెట్టాలి అన్నది నేను షాపులో చేసే వరసలోనే చెబుతాను.

ఇంకో మాట. ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలోనే రాస్తున్నాను. పైకి చదవండి. కంటికి దొరకని తప్పు చాలాసార్లు చెవికి దొరుకుతుంది.

ముందు నోటితో, తెలుగులో

ఆ మధ్య మునుగోడు వైపు నుంచి ఒక తమ్ముడు వచ్చాడు. బీఎస్సీ చేశాడు. చౌటుప్పల్ దగ్గర ఒక మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ట్రైనీ పోస్టుకు పెట్టుకోవాలి. తెచ్చిన ఉత్తరం ఇలా ఉంది:

"రెస్పెక్టెడ్ సార్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్మిషన్ ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ కేమ్ టు నో ఫ్రమ్ రిలయబుల్ సోర్సెస్ దట్ దేర్ ఆర్ సమ్ వేకెన్సీస్ ఇన్ యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్. మైసెల్ఫ్ బీఎస్సీ పాస్డ్ అవుట్ ఇన్ 2023. ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ ల్యాబ్ సిన్స్ వన్ ఇయర్. ఐ యామ్ సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఆనెస్ట్ అండ్ డెడికేటెడ్. కైండ్లీ డు ద నీడ్‌ఫుల్ అండ్ ఒబ్లైజ్."

కాగితం పక్కన పెట్టి, "ల్యాబ్‌లో ఏం చేస్తావు తమ్మీ?" అని అడిగాను. "నీళ్లు టెస్ట్ చేస్తనన్నా. బోరు నీళ్లు తెస్తరు. ఫ్లోరైడ్, పీహెచ్, టీడీఎస్ చూస్త. రోజుకు ఇరవై, ఇరవై అయిదు శాంపిళ్లు. రీడింగ్ రిజిస్టర్ల ఎక్కిస్త, రిపోర్టు తయారు చేస్త." (పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల గుణం, టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన పదార్థాల లెక్క.) ఇంకాస్త అడిగితే ఇంకా వచ్చింది. పొద్దున రాగానే పీహెచ్ మీటర్ కాలిబ్రేట్ చేసేది, అంటే సరైన కొలత చూపేలా సరిచేసేది, అతనే. రిజిస్టర్‌లో తప్పు పడితే దిద్దడానికి వీల్లేదు. ఒక్క గీత కొట్టి, పక్కన పొట్టి సంతకం పెట్టి, సరైన అంకె వేయాలి.

మందుల కంపెనీ క్వాలిటీ కంట్రోల్‌లో రోజూ జరిగేది ఇదే కదా! కొలవడం, కొలిచింది కొలిచినట్టు రాయడం. అందులో ఒక్క ముక్కైనా ఉత్తరంలో లేదు. "ఇది కూడా రాయాల్నా?" అన్నాడు.

కాబట్టి మొదటి మెట్టు ఇది. ఇంగ్లీషు జోలికి పోకుండా, చేసిన పనిని తెలుగులో ఎవరికైనా చెప్పండి. ఎవరూ లేకపోతే ఫోన్‌లో రికార్డు చేసుకోండి. పొద్దున వెళ్లగానే ఏం చేస్తారు, రోజుకు ఎన్ని చేస్తారు, మీరు ఒకరోజు రాకపోతే అక్కడ ఏ పని ఆగిపోతుంది? ఈ మూడింటికి జవాబు చెబితే చాలు. మూడో ప్రశ్న దగ్గర చాలామంది కాసేపు ఆగిపోతారు. అక్కడ వచ్చే జవాబే ఉత్తరానికి నడుం.

తర్వాత ప్రకటన చదవండి. చాలామంది జీతం, చివరి తేదీ చూసి మూసేస్తారు. వాళ్లు అడిగినవాటి కింద పెన్నుతో గీతలు గీయండి. ఈ తమ్ముడి ప్రకటనలో ల్యాబ్ పరికరాల మీద అవగాహన, డాక్యుమెంటేషన్, షిఫ్టుల్లో పని, ఈ మూడూ అడిగారు. షిఫ్టుల గురించి ఉత్తరంలో ఒక్క మాట లేదు. రాత్రి షిఫ్టుకు సిద్ధమా అంటే, "ఎందుకు చెయ్యనన్నా" అన్నాడు. నాతో అంటే ఏం లాభం, వాళ్లకు చెప్పాలి.

అర్జీ భాష వదిలించండి

వెనకట తహసీల్దారుకు అర్జీ పెట్టాలంటే "మహారాజశ్రీ గారి దివ్య సముఖమునకు" అని మొదలయ్యేది. ఇంగ్లీషులో దాని తోబుట్టువే "ఐ బెగ్ టు స్టేట్". తెల్లదొరల కాలం కచేరీ భాష అది. స్కూల్లో లీవ్ లెటర్‌తో పాటు మనకు అంటింది, ఇంకా వదల్లేదు. ఉద్యోగం అడగడం బిచ్చమడగడం కాదు కదా. వాళ్లకు మనిషి కావాలి, మీకు పని కావాలి.

పైన చూపించిన ఉత్తరంలో మొదటి వాక్యాన్నే తీసుకుందాం. "విత్ డ్యూ రెస్పెక్ట్" నుంచి "స్టేట్ దట్" దాకా కొట్టేయండి. ఆ జాగాలో ఏమీ పెట్టనక్కర్లేదు. "రిలయబుల్ సోర్సెస్" అంటే ఎవరు? ప్రకటన ఎక్కడ చూశారో, ఏ తేదీన చూశారో రాయండి. ఆ కంపెనీలో పనిచేసే ఊరివాళ్లు చెబితే, వాళ్లను అడిగి, ఒప్పుకుంటేనే పేరు రాయండి. "సమ్ వేకెన్సీస్" అని రాస్తే ఏ పోస్టుకు పెట్టుకుంటున్నారో మీకే తెలియనట్టు ఉంటుంది. పోస్టు పేరు ప్రకటనలో ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా దింపండి. "యువర్ ఎస్టీమ్డ్ ఆర్గనైజేషన్" ఉన్న చోట కంపెనీ పేరు పెట్టండి. ఎస్టీమ్డ్ అని రాసి పేరు మాత్రం రాయకపోతే, ఆ ఉత్తరం జిరాక్స్ తీసి పదిచోట్ల పడేసిందని చదివేవాళ్లకు ఇట్టే తెలుస్తుంది.

"కైండ్లీ డు ద నీడ్‌ఫుల్" తప్పు కాదు, మన ఆఫీసుల్లో రోజూ నడిచేదే. కానీ కావాల్సింది చేయండి అంటున్నారు, ఏం కావాలో చెప్పడం లేదు. "ఐ కెన్ కమ్ ఫర్ యాన్ ఇంటర్వ్యూ ఆన్ ఎనీ డే" అనండి, అడగాల్సింది అడిగినట్టు ఉంటుంది. "రివర్ట్ బ్యాక్" ఉంటే "రిప్లై" చేయండి. రివర్ట్ అంటే మునుపటి స్థితికి పోవడం. "హియర్‌బై", "హియర్‌విత్", "ద సేమ్" లాంటివి స్టాంపు పేపర్ల మీద ఉండనివ్వండి.

పలకరింపు దగ్గర మనవాళ్లకు పెద్ద ఇబ్బంది. రిటైరైన ఒక పెద్దాయన మనవడి ఉత్తరం చూసి, "కంపెనీ మేనేజర్‌ను పట్టుకొని డియర్ అంటాడేంది, లవ్ లెటరా?" అని కోప్పడ్డాడు. ఉత్తరాల ఇంగ్లీషులో డియర్‌కు ప్రేమతో సంబంధం లేదు. మన "గారు" ఎంతో అదీ అంతే. స్కూలుకు రాసేటప్పుడు రెస్పెక్టెడ్ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు. కంపెనీకి డియర్ బాగుంటుంది. పేరు తెలియకపోతే "డియర్ సార్ ఆర్ మేడమ్" అని మొదలుపెట్టి "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ" అని ముగించాలి. పేరు తెలిసి, ఇంటిపేరుతో పలకరిస్తే ముగింపు "యువర్స్ సిన్సియర్లీ". "యువర్స్"లో ఎస్‌కు ముందు పైన కామా పెట్టకూడదు. "యువర్స్ ఒబీడియంట్లీ" స్కూల్లోనే వదిలేసి రండి.

ఇదంతా కంపెనీలకు, ప్రైవేటు స్కూళ్లకు, ఆసుపత్రులకు. సర్కారు ఆఫీసు తన నమూనా ఇచ్చి ఇలాగే రాయమంటే అలాగే రాయాలి, నా తెలివి అక్కడ చూపకండి. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ (టీజీపీఎస్సీ) ఉద్యోగాలకైతే ఈ ఉత్తరమే ఉండదు, అంతా ఆన్‌లైన్ దరఖాస్తే.

గుణాల జాగాలో పని

సిన్సియర్, హార్డ్‌వర్కింగ్, ఆనెస్ట్, డెడికేటెడ్. నా షాపుకు వచ్చే ఉత్తరాల్లో ఈ నాలుగూ అన్నదమ్ముల్లా కలిసే తిరుగుతాయి. అందరూ రాసే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. నేను సోమరిని, అబద్ధాలకోరును అని రాసుకున్నవాళ్లను ఇంతవరకు చూడలేదు.

ఒక్కో గుణం కింద గీత గీసి, ఏం చేశానని నాకు ఈ పేరు అని మిమ్మల్ని మీరే అడగండి. జవాబు దొరికితే గుణం కొట్టేసి జవాబు రాయండి. దొరకకపోతే ఉత్త గుణం కొట్టేయండి. మునుగోడు తమ్ముడి "సిన్సియర్" జాగాలోకి గీత కొట్టి సంతకం పెట్టే రిజిస్టర్ వచ్చింది. "హార్డ్‌వర్కింగ్" జాగాలోకి రోజుకు ఇరవై శాంపిళ్లు వచ్చాయి. ఆనెస్ట్, డెడికేటెడ్ పోయాయి. పోయినట్టు కూడా తెలియలేదు.

"నాకు అనుభవమే లేదు, ఏం రాయాలె?" అనేవాళ్లే ఎక్కువ. మిర్యాలగూడ నుంచి ఒకావిడ వచ్చింది. బీకాం చదివింది, పెళ్లయ్యాక ఆరేళ్లు ఇంట్లోనే. రైస్ మిల్లులో అకౌంట్స్ పనికి పెట్టుకోవాలి. "ఆరేండ్లు ఖాళీగా ఉన్న అన్నా, అది ఎట్ల దాచాలె?" అంది. మాటల్లో తేలిందేమిటంటే, వాళ్ల పొదుపు సంఘం లెక్కలు నాలుగేళ్లుగా రాస్తున్నది ఆవిడే. పది మంది సభ్యులు, నెలనెలా పొదుపు, బ్యాంకు అప్పు, ఎవరి కిస్తీ ఎంత, వడ్డీ ఎంత. బ్యాంకు వాళ్లు పుస్తకం అడిగితే తీసుకుపోయేది కూడా ఆవిడే. దాన్ని ఇలా రాశాం:

"ఫర్ ఫోర్ ఇయర్స్ ఐ హ్యావ్ కెప్ట్ ద సేవింగ్స్ అండ్ లోన్ అకౌంట్స్ ఆఫ్ ఎ టెన్-మెంబర్ విమెన్స్ సేవింగ్స్ గ్రూప్, ఇంక్లూడింగ్ ద మంత్లీ బ్యాంక్ రీపేమెంట్స్."

ఇందులో ఒక్క గొప్ప మాట లేదు. కానీ మిల్లు ఓనర్‌కు కావాల్సిన మనిషి ఇందులో కనిపిస్తుంది. లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్ టాలీ నేర్చుకున్నారా అంటే, రెండు నెలల కోర్సు చేశానంది. అదీ ఉన్నదున్నట్టు రాశాం. "ఎక్స్‌పర్ట్ ఇన్ టాలీ" అని రాయమని పక్కన కూర్చున్న మరిది ఒకటే పోరు. రాయలేదు. పని మొదలుపెట్టిన రోజు ఎక్స్‌పర్ట్ ఎవరో అందరికీ తెలిసిపోతుంది. తెలియనిది "ఐ హ్యావ్ నాట్ వర్క్డ్ ఆన్ దిస్" అని ఒక్క ముక్కలో చెప్పి, నేర్చుకుంటానంటే, మిగతా ఉత్తరం మీద నమ్మకం పెరుగుతుందే కానీ తగ్గదు.

కొత్తగా డిగ్రీ అయినవాళ్లు ప్రాక్టికల్స్, ప్రాజెక్టు, సెలవుల్లో చేసిన పని గుర్తు తెచ్చుకోండి. ఎరువుల దుకాణంలో స్టాకు రాయడం కూడా స్టాకు రాయడమే.

ఇంగ్లీషు కింద తెలుగు ఎక్కడ దాగుందో చూడండి

ఇక వ్యాకరణం. దీనికి టెన్షన్ పడాల్సిన పనిలేదు, ఎందుకంటే మన తప్పులు లెక్కలేనన్ని కావు. ఒక నాలుగైదే మళ్లీ మళ్లీ వస్తాయి. అవి రావడానికి కారణం మన తెలివి తక్కువై కాదు, తెలుగు మీద పట్టు ఉండి.

"రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాను." ఈ తెలుగు వాక్యం నిక్షేపంలా ఉంది. ముక్కముక్కకు ఇంగ్లీషు పెడితే "ఐ యామ్ వర్కింగ్ సిన్స్ టూ ఇయర్స్" అవుతుంది. అక్కడే చిక్కు. మన "నుంచి" రెండు పనులు చేస్తుంది. జూన్ నుంచి అన్నా, రెండేళ్ల నుంచి అన్నా మనకు ఒకటే. ఇంగ్లీషులో మొదలైన తేదీ చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. "సిన్స్ జూన్ 2023", "ఫర్ టూ ఇయర్స్". ఇక "చేస్తున్నాను" అన్న ఒక్క మాట మనకు ఇప్పటి పనికీ, ఎప్పటి నుంచో సాగుతున్న పనికీ సరిపోతుంది. ఇంగ్లీషులో వెనక నుంచి సాగి వస్తున్న పనికి "హ్యావ్ బీన్ వర్కింగ్" అనాలి. మీ ఉత్తరంలో "సిన్స్" ఎక్కడుందో వెతికి, దాని వెనక తేదీ ఉందా, కాలం ఉందా చూసుకోండి. రెండు నిమిషాల పని.

"నాకు అనుభవం ఉంది" అంటాం. తెలుగులో అనుభవం మనకు ఉంటుంది, మనం దాన్ని పట్టుకొని ఉండం. ఇంగ్లీషుకు వెళ్లేసరికి ఈ "ఉంది"ని ఏం చేయాలో తోచక "ఐ యామ్ హ్యావింగ్ టూ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్" అంటాం. "ఐ హ్యావ్ టూ ఇయర్స్ ఆఫ్ ఎక్స్‌పీరియన్స్" చాలు. "ఐ యామ్ నోయింగ్ టాలీ" కూడా ఈ కుదురుదే, "ఐ నో టాలీ" అనండి.

"మైసెల్ఫ్ ఫలానా" అని మొదలుపెట్టకండి. ఉత్తరంలో పేరు కింద సంతకం దగ్గర ఎలాగూ ఉంటుంది, పరిచయ వాక్యమే అక్కర్లేదు. "పాస్డ్ అవుట్ ఇన్ 2023" మన దేశంలో అందరికీ అర్థమవుతుంది. బయటి దేశం వాళ్లు చదివితే మాత్రం 2023లో స్పృహ తప్పి పడిపోయారనుకుంటారు. "కంప్లీటెడ్" గానీ "గ్రాడ్యుయేటెడ్" గానీ వాడితే ఏ గొడవా లేదు. "డిస్కస్ అబౌట్"లో అబౌట్ తీసేయండి. "ఈక్విప్‌మెంట్స్", "ఇన్ఫర్మేషన్స్" చివర ఎస్ తీసేయండి. "స్టాఫ్స్"కూ అంతే. వాక్యం చివర "ఓన్లీ", "ఆల్సో" వేలాడుతుంటే అవి మన "మాత్రమే", "కూడా"లు, కత్తిరించండి.

ఎ, యాన్, ద. తెలుగులో ఇవి లేవు కాబట్టి ఎంత చదివినవాళ్లకైనా జారిపోతాయి. అన్నీ సరిచేయాలని చూస్తే తెల్లారుతుంది. చదివేవాళ్లకు కొత్తగా చెప్పే వస్తువుకు ఎ, ఏదో వాళ్లకు తెలిసిన వస్తువుకు ద అని పెట్టుకుంటే చాలావరకు గట్టెక్కుతారు. "ఎ వాటర్-టెస్టింగ్ ల్యాబ్" అని ఒకసారి చెప్పాక, తర్వాత అదే "ద ల్యాబ్".

ఎ పెట్టాలా యాన్ పెట్టాలా అన్నదానికి మాత్రం మన లిపే చక్కని దారి చూపిస్తుంది. ఆ ఇంగ్లీషు మాటను తెలుగులో రాసి చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. ఎమ్మెస్సీ అచ్చు, కాబట్టి యాన్ ఎమ్మెస్సీ. యూనివర్సిటీ మొదట్లో ఉన్నది య, కాబట్టి ఎ యూనివర్సిటీ. ఆఫీసుకు యాన్, బీఎస్సీకి ఎ, ఎంబీఏకు యాన్. ఇంగ్లీషు స్పెల్లింగు చూసి తికమకపడేవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. రెండు చోట్ల మోసపోతారు. యాప్, యాక్టర్ లాంటి మాటలను మనం య పెట్టి రాస్తాం, ఇంగ్లీషులో అవి అచ్చుతోనే మొదలవుతాయి, కాబట్టి యాన్ యాప్. ఇక హెచ్ అనే అక్షరాన్ని మనం హ పెట్టి పలుకుతాం, ఇంగ్లీషువాళ్లు ఎక్కువమంది ఎయిచ్ అంటారు. అందుకని యాన్ హెచ్‌ఆర్ ఎగ్జిక్యూటివ్.

కంప్యూటర్ స్పెల్లింగులు సరిచేస్తుంది కదా అని ధీమాగా ఉండకండి. మేనేజర్‌లో రెండో ఏ ఎగిరిపోతే మిగిలేది పశువులకు మేత వేసే తొట్టి. అదీ ఇంగ్లీషు మాటే కాబట్టి కంప్యూటర్ కింద ఎర్రగీత గీయదు. ఫ్రమ్ బదులు ఫామ్ పడినా గీయదు. టీచర్ పోస్టుకు రాసేవాళ్లు ప్రిన్సిపల్ చివర పి, ఏ, ఎల్ ఉందో లేదో చూసుకోండి. పి, ఎల్, ఇ ఉంటే అది మనిషి కాదు, సూత్రం.

ఊరు, పేరు, యూనివర్సిటీ

ఇవి చిన్న విషయాలే, కానీ మన వైపు వాళ్లకు ప్రత్యేకంగా తగులుతాయి. ఎంజీయూ అని పొట్టిగా రాస్తే నల్గొండలో అందరికీ తెలుసు. కేరళలో కొట్టాయంలోనూ మహాత్మా గాంధీ యూనివర్సిటీ ఉంది. బెంగళూరులో కూర్చున్న హెచ్‌ఆర్‌కు ఏది గుర్తొస్తుందో మనం చెప్పలేం. "మహాత్మా గాంధీ యూనివర్సిటీ, నల్గొండ" అని మొదటిసారి పూర్తిగా రాయండి. పాలమూరు యూనివర్సిటీ వాళ్లు కూడా పీయూ అని వదిలేయకండి, పీతో మొదలయ్యేవి దేశంలో చాలా ఉన్నాయి.

2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోయాయి. సర్టిఫికెట్లో మహబూబ్‌నగర్, ఇప్పటి చిరునామాలో వనపర్తి, నాగర్‌కర్నూల్ లేక గద్వాల ఉంటుంది. 2019లో నారాయణపేట కూడా జిల్లా అయింది. దీనికి ఉత్తరంలో సంజాయిషీ అక్కర్లేదు, ఇప్పటి చిరునామా రాస్తే చాలు. మహబూబ్‌నగర్ స్పెల్లింగు రెండు మూడు రకాలుగా కనిపిస్తుంది. ఏదో ఒకటి పట్టుకొని ఉత్తరంలో, రెజ్యూమేలో అదే ఉంచండి. మీ పేరు టెన్త్ మెమోలో ఎలా ఉందో అలాగే. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక వద్దు.

తండ్రి పేరు, కులం, పెళ్లయిందా లేదా, ఆధార్ నంబరు ఉత్తరంలో వద్దు. ఆధార్ నంబరైతే ఉద్యోగం వచ్చాక అడిగినప్పుడు ఇవ్వొచ్చు.

ఫోన్ రాసిచ్చిన ఉత్తరం

ఈమధ్య పిల్లలు చాట్‌జీపీటీతో రాయించుకొని వస్తున్నారు. తప్పులుండవు. కానీ ఒకే రోజు నలుగురి ఉత్తరాలు "ఐ యామ్ థ్రిల్డ్ టు అప్లై" అని మొదలయ్యాయి. నలుగురిలో ఒక్కరి మొహంలోనూ ఆ థ్రిల్ లేదు. ఒకరి ఉత్తరంలో కంపెనీ పేరు ఉండాల్సిన చోట "కంపెనీ నేమ్" అని బ్రాకెట్లలో అలాగే ఉండిపోయింది.

వాడొద్దనను, నేనూ వాడతాను. మీ ఉత్తరం మీరు రాసుకున్నాక, దీంట్లో వ్యాకరణ తప్పులు మాత్రమే చూపించు, ఎందుకు తప్పో తెలుగులో చెప్పు, మాటలు మార్చకు అని అడగండి. ఓపిగ్గా చెబుతుంది. చెప్పినదంతా ఒప్పుకోకండి. మీరు ఇంటర్వ్యూలో నోటితో పలకలేని మాట ఏది పెట్టినా తీసేయండి. గూగుల్ ట్రాన్స్‌లేట్‌లో తెలుగు వాక్యం పెట్టేటప్పుడు "నేను" అని కర్తను పెట్టి, చిన్న వాక్యాలుగా విరగ్గొట్టండి. మనం కర్తను మింగేసి మాట్లాడతాం, అప్పుడు అది "నేను"కు బదులు ఇంకెవరినో తెచ్చి కూర్చోబెడుతుంది.

తోమాక చెంబు ఇలా తేలింది

"డియర్ సార్ ఆర్ మేడమ్,

ఐ యామ్ అప్లైయింగ్ ఫర్ ద పోస్ట్ ఆఫ్ ట్రైనీ, క్వాలిటీ కంట్రోల్, అడ్వర్టైజ్డ్ ఆన్ యువర్ వెబ్‌సైట్ ఆన్ 12 జూన్.

ఐ కంప్లీటెడ్ మై బీఎస్సీ ఎట్ మహాత్మా గాంధీ యూనివర్సిటీ, నల్గొండ, ఇన్ 2023. ఫర్ ద పాస్ట్ ఇయర్ ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ వాటర్-టెస్టింగ్ ల్యాబ్ ఇన్ నల్గొండ. ఐ టెస్ట్ ట్వెంటీ టు ట్వెంటీ-ఫైవ్ శాంపిల్స్ ఎ డే ఫర్ ఫ్లోరైడ్, పీహెచ్ అండ్ టీడీఎస్. ఐ కాలిబ్రేట్ ద పీహెచ్ మీటర్ ఎవ్రీ మార్నింగ్ అండ్ ప్రిపేర్ ద రిపోర్ట్స్.

యువర్ నోటీస్ ఆస్క్స్ ఫర్ గుడ్ డాక్యుమెంటేషన్. ఇన్ అవర్ ల్యాబ్ ఐ ఎంటర్ ఈచ్ రీడింగ్ యాజ్ ఐ టేక్ ఇట్. ఎ రాంగ్ ఎంట్రీ ఈజ్ స్ట్రక్ అవుట్ విత్ ఎ సింగిల్ లైన్ అండ్ ఇనిషియల్డ్, నెవర్ ఓవర్‌రిటెన్. ఐ హ్యావ్ నాట్ వర్క్డ్ ఆన్ హెచ్‌పీఎల్‌సీ అండ్ వుడ్ లైక్ టు లర్న్ ఇట్. ఐ కెన్ వర్క్ ఇన్ ఆల్ షిఫ్ట్స్.

మై రెజ్యూమే ఈజ్ అటాచ్డ్. ఐ కెన్ కమ్ ఫర్ యాన్ ఇంటర్వ్యూ ఆన్ ఎనీ డే.

యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ"

(ఇందులో హెచ్‌పీఎల్‌సీ అంటే మందులో ఏది ఎంత ఉందో విడదీసి కొలిచే యంత్రం.)

"గింతేనా అన్నా? చిన్నగ అయిపోయింది" అన్నాడు. మొదటి ఉత్తరం కంటే ఇదే పొడుగు, లెక్కపెట్టి చూడమన్నాను. మాటలు తేలికవడంతో చిన్నగా కనిపించింది. ఫ్లోరైడ్ మాట ఉంచాలా వద్దా అని కాసేపు ఆలోచించాం. మన జిల్లాలో అది చిన్నపిల్లలకు కూడా తెలిసిన మాట, మందుల కంపెనీకి దాంతో పనిలేదు కదా అని అతని అనుమానం. ఉంచాలన్నాను. కొలిచింది ఫ్లోరైడే కాబట్టి ఫ్లోరైడ్ అనే రాయాలి.

పంపే ముందు

టైపు చేసిన రోజే పంపకండి, గడువు ఉంటే ఒక రాత్రి ఆగండి. పొద్దున ప్రింటు తీసి పైకి చదవండి. ఊపిరి ఆడని చోట వాక్యాన్ని రెండు చేయండి. కంపెనీ పేరు, పోస్టు పేరు, తేదీ, ఫోన్ నంబరు వేలు పెట్టి చూసుకోండి. ఇది నా సొంత దెబ్బతో చెబుతున్నాను. కొన్నేళ్ల కింద ఒకమ్మాయికి పాత ఫైలు మీదే కొత్త ఉత్తరం కొట్టి ఇచ్చాను. పైన కంపెనీ పేరు మార్చాను, మూడో పేరాలో వేరే కంపెనీ పేరు అలాగే ఉండిపోయింది. ఆ అమ్మాయి చూసుకోలేదు, నేనూ చూడలేదు. వాళ్లు చూశారు. టైపింగ్ డబ్బులు వాపసు ఇచ్చాను కానీ అది ఏపాటి! అప్పటి నుంచి ప్రతి ఉత్తరానికి ఖాళీ ఫైలు తెరుస్తున్నాను.

మెయిల్ పంపితే సబ్జెక్టులో పోస్టు పేరు, మీ పేరు ఉండాలి. సబ్జెక్టు ఖాళీగా వదిలేసేవాళ్లు ఎంతమందో! ఉత్తరాన్ని పీడీఎఫ్ చేసి, ఫైలుకు మీ పేరు పెట్టండి. "ఫైనల్ న్యూ 2" అని పెడితే వందల ఫైళ్లలో మీది మీకే దొరకదు. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న మెయిల్ ఐడీ ఉంటే, పేరుతో కొత్తది తెరవండి. పంపాక తెలియని నంబర్ల నుంచి ఫోన్ వస్తే ఎత్తండి, లోన్లవాళ్లే అనుకోకండి.

ఇంటర్వ్యూకు పిలుపొస్తే ఉత్తరం ప్రింటు ఒకటి ఫైల్లో పెట్టుకొని బయల్దేరండి. నల్గొండలో బస్సెక్కి నార్కట్‌పల్లి, చిట్యాల దాటి చౌటుప్పల్ చేరేలోపు ఒక్కో వాక్యం మీద వాళ్లు ఏం అడగొచ్చో అనుకుంటూ వెళ్లొచ్చు. మునుగోడు తమ్ముడిని కూడా ఉత్తరంలోంచే అడిగారట. పీహెచ్ మీటర్‌ను ఏ బఫర్లతో (పీహెచ్ ఎంతో ముందే తెలిసిన ద్రావణాలతో) కాలిబ్రేట్ చేస్తావు అని. రోజూ పొద్దున చేసే పనే కాబట్టి తడుముకోకుండా 4, 7, 9.2 అన్నాడట.